సగం బిళ్ళ

బిళ్ళ మధ్యలో సన్నటి గీత ఉంది.
దాని మీద చాకు ఆనించి
ఊపిరి బిగబట్టి నొక్కుతాను.
పొగగూట్లో చేపల పొట్టలు చీల్చి చీల్చి
ముప్పై ఏళ్ళు అరిగిన చేతులు నావి,
ఈ పిసరంత తెల్లటి దాని ముందు తడబడతాయి.
సగం సాసర్లోకి.
సగం కిటికీ గూట్లోకి, రేపటికి.
రాలిన పొడిని ఇష్‌బెల్ వేలితో అద్ది నాకుతుంది:
"స్కాట్లండ్ సర్కారు ఊరికే ఇచ్చిందని
పారేస్తామా, ముర్డో?"

మందుకు ముందు
మా ఇంట్లో ఏ కప్పూ నిండుగా లేదు.
సగం దాకే టీ, అదీ మూతతో.
భుజం ఒకవైపు ఎగిరేది, మోకాలు ఇంకోవైపు,
ఎదురుగా ఎవరూ లేకుండానే
కనుబొమలు ఎవరినో పలకరించేవి.
హార్బరు దగ్గర కొత్తగా వచ్చిన పోలీసు
పొద్దున్నే తాగావా అని అడిగాడు.
కోపంగా నడుం మీద చేతులు పెట్టుకోబోయింది,
చేతులు నడుం దాకా రాలేదు.
"చెప్పుచేతల్లో లేనివి ఈ చేతులే నాయనా,
నేను కాదు" అంది.
కుర్రాడు టోపీ తీశాడు.

వాళ్ళ నాన్నకీ ఇంతే.
తాడు పట్టు తప్పి, పడవ దిగి, మళ్ళీ ఎక్కలేదు.
అప్పట్లో ఊళ్ళో దీనికి పేరు లేదు,
"ఆ ఇంటి నడక" అనేవాళ్ళు, అంతే.
ఇప్పుడు పేరుంది,
రక్తంలో చదవగలిగే పేరు.
మా ఊనా ఆ పరీక్షకి వెళ్ళిందో లేదో
నేను అడగలేదు, తను చెప్పలేదు.
ఆదివారాలు వచ్చి గిన్నెలు తోమి వెళ్తుంది
ఒక్కటి కూడా జారనివ్వకుండా,
నేను చూస్తుంటానని తెలిసి.

మొదట సగం. తర్వాత పూటకో సగం.
ఆపైన డాక్టరు చెప్పినట్టు, మెట్టు మెట్టుగా.
నెల తిరిగేసరికి
గాలి పడిపోయిన తెరచాపలా
ఆమె భుజాలు దిగాయి.
ఆ రోజు కప్పు నిండా పోశాను.
నిండా.
అంచున టీ తొణకలేదు,
వణికింది కెటిల్ పట్టుకున్న నేను.
చొక్కా గుండీలు తనే పెట్టుకుంది, ఐదూ.
ఆరోది ఎప్పుడో నేను ఊడగొట్టింది.

అది మంచి నెల.
తర్వాతి నెల
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
కూర్చునే ఉంది.
సీగల్ పిట్ట కిటికీ మీది రొట్టె ఎత్తుకుపోయింది,
ఇష్‌బెల్ దాన్ని తిట్టలేదు!
ఎంత నిమ్మళించిందో అని పక్కింటివాళ్ళు సంతోషించారు.
కొట్టుకోవడం ఆగిన చేపల్ని
రోజూ చూసినవాణ్ణి నేను.
నిమ్మళమంటే నాకు నమ్మకం తక్కువ.

నర్సు మొరాగ్ ఫోన్ చేసి
కాగితం చూసి చదువుతున్నట్టు అడిగింది:
నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా,
బతకడం దండగనిపిస్తోందా?
ఫోన్ ఇష్‌బెల్ చెవికి ఆనించాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత "అవును" అంది,
వాన పడుతోందా అంటే చెప్పినట్టు.

ఆ మధ్యాహ్నమే డాక్టరు రమ్మన్నాడు.
కదలికని ఆపే మందే ఒక్కోసారి
లోపల ఇంకేదో కూడా ఆపుతుందన్నాడు.
ఇది నయం చెయ్యదు, నెమ్మది చేస్తుంది,
ఎంత నెమ్మది కావాలో మీరూ చెప్పాలన్నాడు.
అంతవరకూ ఎవరూ మమ్మల్ని అడగలేదు.
తిరిగొచ్చేటప్పుడు, వంతెన దాటాక,
"కప్పు ముప్పావు నిండితే చాలు నాకు"
అంది ఇష్‌బెల్.

అందుకే మళ్ళీ ఈ చాకు, ఈ గీత.
భుజం కాస్త ఎగురుతోంది.
గుండీలు నాలుగు తను, ఒకటి నేను.
నిన్న రాత్రి నిద్రలో
మోచెయ్యి నా దవడకి గట్టిగా తగిలింది.
"నా మీద చెయ్యి చేసుకున్నావు" అన్నాను.
"నేను కాదు, అదే చేసుకుంది."
ఇద్దరం నవ్వితే మంచం కిర్రుమంది.

పొద్దున్నే కిటికీ తెరిచి
సీగల్‌ని తిట్టింది,
దాని అమ్మని కూడా కలిపి.